కథ ఎంతవరకు చెప్పవలెను?

రామాయణమును మూడు మాటలలో చెప్పవచ్చునని మన పెద్దలు "కట్టె, కొట్టె, తెచ్చె" అని చూపించిరి. సేతువును కట్టెను, రావణుని కొట్టెను, సీతను తెచ్చెను. అదే కథను వాల్మీకి రామాయణము బాలకాండ మొదటి సర్గలో నారదుడు సుమారు 100 శ్లోకములలో చెప్పెను. సంపూర్ణ కావ్యము 24,000 శ్లోకములని ప్రసిద్ధి. ఈ మూడు కొలతలలో ఏది సరియైనదని ఎవరైన అడిగినచో, ఎవరికి చెప్పుటకని మనము మరల అడుగవలసియుండును. మూడు మాటల రామాయణము కథ ముందే తెలిసినవారికి చమత్కారము. తెలియనివారికి అవి మూడు క్రియలు మాత్రమే. ఎవరు కట్టిరో, ఎవరిని కొట్టిరో బోధపడదు. నారదుని 100 శ్లోకములు, సకల సద్గుణములు గల పురుషుడు లోకములో ఎవడున్నాడని అడిగిన వాల్మీకికి ఇచ్చిన సమాధానము. ఆ సమాధానమునకు ఎంత కథ అవసరమో అంతయే అందున్నది.

ఈనాడు మేము ముచ్చటింపదలచిన విషయము ఇంతకంటె చిన్నది. ఐనను దాదాపు ప్రతి యింటిలోను తగవునకు కారణమగుచున్నది. టెలివిజన్‌లో వచ్చు ధారావాహికలో ఒక్క భాగమునకు కథాసంగ్రహము వ్రాయవలసివచ్చినచో, అది ఎంత వివరముగా నుండవలెను? కార్యక్రమ పత్రికలలో ఒక్క వాక్యము చూచి "ఇంతేనా?" అని విసుగుకొనువారున్నారు. దినపత్రికలో నాలుగు పేరాలు చదివి "ఇక చూచుటకేమున్నది?" అని కోపించువారును ఉన్నారు. ఇరువురి మాటలోను న్యాయమున్నది. ఇరువురును ఒకే సంగ్రహమునుండి వేరువేరు పనులు కోరుచున్నారు; చిక్కంతయు అక్కడనే పుట్టుచున్నది.

ప్రసారములకు ముందుగా విషయసూచిక అచ్చువేయు ఆచారము రేడియోతోనే మొదలైనది. ఇంగ్లండులో 'రేడియో టైమ్స్' పత్రిక తొలి సంచిక 1923 సెప్టెంబరు 28న వెలువడెను. అమెరికాలో 'టీవీ గైడ్' దేశవ్యాప్త పత్రికగా 1953 ఏప్రిల్‌లో ఆరంభమయ్యెను. ఇట్టి పత్రికలలో ఒక్కొక్క కార్యక్రమమునకు దొరకు స్థలము రెండు మూడు పంక్తులు. ఆ పంక్తులు వ్రాయువారు కథ నెంత కుదింపవలెనో చక్కగా నేర్చిరి. కాని ఆ కుదింపు ఒక్క పనికి మాత్రమే సరిపోవును. తక్కిన పనులకు వేరు కొలతలు కావలెను.

మా యెరుకలో కథాసంగ్రహము చదువువారు మూడు విధములు. మొదటివారు ఇంకను చూడనివారు. చూడవలెనా వద్దా అని నిశ్చయించుకొనుటకు చదువుదురు. రెండవవారు ఒక వారము చూడలేక పోయినవారు. వచ్చే వారము కథ అందుకొనుటకు చదువుదురు. మూడవవారు ఎన్నో యేండ్ల తరువాత వచ్చువారు. ఆ భాగమును చూచు అవకాశము వారికి ఎన్నడును కలుగకపోవచ్చును. ఈ మువ్వురికిని ఒకే సంగ్రహము వ్రాసినచో ముగ్గురికిని నిరాశయే మిగులును.

ఒక ఉదాహరణము తీసికొందము. 1963 నవంబరు 23వ తేదీ శనివారము సాయంకాలము బి.బి.సి. టెలివిజన్ 'డాక్టర్ హూ' అను ధారావాహికలో మొదటి భాగమును ప్రసారము చేసెను. నిడివి సుమారు 25 నిమిషములు. పిల్లలు, పెద్దలు కలసి చూచుటకు ఉద్దేశించిన కాల్పనిక కథ అది. ఆ భాగమును మొదటివిధము పాఠకులకు ఇట్లు చెప్పవచ్చును:

"లండన్ పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులకు సూసన్ అను విద్యార్థిని తీరు అంతుపట్టకున్నది. ఒక రాత్రి వారామెను వెంబడించి పాతసామానుల పెరటిలో ప్రవేశింతురు."

ఇంతియే చాలును. ఎవరి కథయో తెలిసినది. ఏమి చిక్కో తెలిసినది. తలుపు వద్దకు తెచ్చి నిలిపినాము. తలుపు తెరచుట నాటకము పని. మన తెలుగు చలనచిత్రముల పాటల పుస్తకములు ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగాదు. రెండు పుటలలో కథ నడిపి, నాయకుడు చిక్కులో పడిన చోట ఆపి, మిగిలిన కథను వెండితెరపై చూడుడని ముగించెడివారు. దానిని వ్యాపారపు ఎత్తుగడ యని నవ్వుకొన్నవారుండవచ్చును. కాని అందులో ప్రేక్షకునియెడ మర్యాదయు ఉన్నది. అతడు ఇంకను చూడలేదు. అతని ఆశ్చర్యము అతని సొత్తు. ఆ సొత్తును సంగ్రహకర్త ముందుగా ఖర్చు చేయరాదు. కనుక మొదటివిధమైన సంగ్రహము కథలోని మొదటి మలుపు దాటి పోరాదు.

ఇక రెండవవిధము. అదే భాగమును చూడలేకపోయినవారు మరుసటి వారము సెట్టు ముందు కూర్చుండిరనుకొందము. వారికి ఇట్లు చెప్పవలెను:

"చరిత్ర బోధించు బార్బరా, విజ్ఞానశాస్త్రము బోధించు ఇయాన్ తమ విద్యార్థిని సూసన్‌ను వెంబడించి, పాతసామానుల పెరటిలో నున్న పోలీసు పెట్టెలో ప్రవేశించిరి. బయటికి చిన్నదిగా కనబడు ఆ పెట్టె లోపల విశాలమైన యంత్రశాల. అది కాలములోను ఆకాశములోను ప్రయాణించు వాహనమని సూసన్, ఆమె తాత చెప్పిరి. ఉపాధ్యాయులు తమ రహస్యమును బయటపెట్టుదురని భయపడి తాత వారిని వెళ్ళనీయక యంత్రమును నడిపెను. వాహనము ఎక్కడనో నిర్జన భూమిపై దిగినది. దానిపై ఒక మనుష్యుని నీడ పడినది."

ఇందులో మలుపులన్నియు ఉన్నవి, ముగింపును ఉన్నది. పాఠశాలలోని సంభాషణలు, ఉపాధ్యాయులు కారులో కూర్చుండి చెప్పుకొన్న అనుమానములు లేవు. అవి తెరపై చాల నిమిషములు నడిచినను, తరువాతి వారపు కథకు అక్కరలేదు. ఇక్కడ పాటింపవలసిన సూత్రము ఇది: నిమిషములను చూచి వాక్యములను పంచరాదు, ఫలితమును చూచి పంచవలెను. పది నిమిషముల కత్తియుద్ధము ఒక్క క్రియాపదముతో తీరవచ్చును. ఒక్క క్షణములో చేతులు మారిన ఉంగరమునకు పూర్తి వాక్యము కేటాయింపవలసి రావచ్చును, ఏలయన రాబోవు భాగములు ఆ ఉంగరము మీదనే నడువవచ్చును. మన వారపత్రికలలో ధారావాహిక నవలలకు పైన "జరిగిన కథ" అని ఒక పేరా అచ్చువేయుట పాఠకులు చూచియుందురు. దానిని బాగుగా వ్రాసిన సంపాదకులు ఈ లెక్క ఎరిగినవారే. గతవారము ఏమేమి జరిగెనని వారు చూడరు. ఈ వారమునకు ఏది అవసరమని చూతురు.

ఈ రెండవవిధము పాఠకుల కష్టము ఆ బి.బి.సి. ధారావాహిక విషయములో నిజముగానే వచ్చినది. మొదటి భాగము ప్రసారమైన ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురియయ్యెను. ప్రజల మనస్సు ఆ వార్తపైనే ఉన్నది. పైగా కొన్ని ప్రాంతములలో విద్యుత్తు ఆగిపోయినది. అందుచేత 1963 నవంబరు 30న రెండవ భాగమునకు ముందు మొదటి భాగమునే మరల ప్రసారము చేసిరి. మొత్తము భాగమును తిరిగి చూపగలిగినప్పుడు సంగ్రహముతో పనిలేదు. అట్టి అవకాశము అరుదు. తక్కిన వారములలో చూడలేకపోయినవారిని ఒక మంచి పేరాయే ఆదుకొనవలెను.

మూడవవిధము పాఠకుని గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. అసలు నష్టము సంభవించునది ఇక్కడనే.

ఈనాడు ఏ కార్యక్రమమైనను ఎక్కడనో భద్రముగా ఉండునని మనము నమ్ముచున్నాము. ఆ కాలములో అట్లు లేదు. వీడియో టేపు ఖరీదైనది. చెరిపి మరల వాడుకొనుటకు వీలైనది. నటులతో చేసికొన్న ఒప్పందముల వలన పాత భాగములను ఇష్టమువచ్చినన్ని మార్లు చూపుటకు వీలులేదు. ఇండ్లలో చూచుటకు క్యాసెట్లు అమ్మవచ్చునన్న ఆలోచన అప్పటికి ఎవరికిని లేదు. కనుక బి.బి.సి. తన పాత టేపులను పెక్కింటిని చెరిపివేసెను. విదేశములకు అమ్ముటకు తీసిన ఫిల్ము ప్రతులును చాలవరకు నశించెను. 'డాక్టర్ హూ' ధారావాహిక 1963 నుండి 1969 వరకు ప్రసారము చేసిన 253 భాగములలో 90కి పైగా భాగముల చిత్రములు నేటికిని దొరకలేదు. మనము చెప్పుకొన్న మొదటి భాగము దక్కినది. కాని 1964లో ప్రసారమైన మార్కో పోలో కథ ఏడు భాగములును పోయినవి.

ఇక్కడ రేడియో గల కుటుంబములకు ప్రీతి కలిగించు విషయమొకటి ఉన్నది. చిత్రములు పోయినను ఆ భాగములన్నిటి శబ్దము మిగిలినది. కొందరు ప్రేక్షకులు తమ యింటిలో టేపు రికార్డరు పెట్టుకొని, ప్రసారము జరుగుచుండగా మాటలను, సంగీతమును పట్టియుంచిరి. ఎవరును కోరకయే, ఏ జీతమును లేకయే వారు చేసిన పని అది. 1966లో ప్రసారమై నశించిన 'పవర్ ఆఫ్ ది డాలెక్స్' అను ఆరు భాగముల కథకు, ఇట్లు మిగిలిన శబ్దమును ఆధారము చేసికొని 2016లో బొమ్మలు గీయించి మరల విడుదల చేసిరి. చెవి కాపాడినదానిని కన్ను యాభై యేండ్ల తరువాత తిరిగి పొందినది.

ఐనను శబ్దమొక్కటే చాలదు. ఒక పాత్ర మౌనముగా గది దాటి వెళ్ళినప్పుడు టేపులో అడుగుల చప్పుడు వినబడును. ఎవరు వెళ్ళిరో, చేతిలో ఏమున్నదో వినబడదు. అట్టిచోట ఆనాటి చిత్రీకరణ ప్రతులును, తెరనుండి తీసిన ఛాయాచిత్రములును, చూచినవారు వ్రాసిపెట్టిన సంగ్రహములును కలిసి అక్కరకు వచ్చును. సంగ్రహకర్త ఆనాడు "తరువాత ఏమి జరిగినదో తెరపై చూడుడు" అని ముగించియున్నచో, తెరయే లేని నేటి పాఠకుడేమి కావలెను? కనుక మూడవవిధమైన సంగ్రహము ముగింపును దాచరాదు. కార్యము, కారణము, ఫలితము మూడింటిని చెప్పవలెను. చెవికి అందని విషయములను, అనగా రూపము, చోటు, సంజ్ఞ వంటివానిని, కథకు అవసరమైనంత మేర పేర్కొనవలెను.

చిన్న వివరమైనను విడువరానిది ఒక్కొక్కప్పుడు ఉండును. మొదటి భాగములోనే చూడుడు. సూసన్ తరగతిలో ఇంగ్లండు నాణెముల లెక్క తప్పు చెప్పును; దేశములో దశాంశ పద్ధతి ఉన్నదనుకొని, అది ఇంకను రాలేదని జ్ఞాపకము చేసికొనును. తెరపై అది కొన్ని క్షణములు. మొదటివిధము సంగ్రహములో దానికి చోటు లేదు. రెండవవిధములోను విడువవచ్చును. కాని మూడవవిధములో దానిని వ్రాయవలెను. ఏలయన ఆ బాలిక వేరొక కాలమునుండి వచ్చినదనుటకు ప్రేక్షకునికి దొరకిన మొదటి ఆధారములలో అది ఒకటి. పైగా ఇంగ్లండులో దశాంశ నాణెముల పద్ధతి 1971లో నిజముగానే అమలులోనికి వచ్చినది. 1963లో వ్రాసినవాడు ఆ వాక్యమును చిల్లర విషయమని కొట్టివేసియున్నచో, చదువరులకు ఒక మంచి సూచన పోయెడిది.

అట్లని ఉన్నదంతయు వ్రాయుటయు తగదు. కుదింపునకు క్రిందిహద్దు ఉన్నట్లే విస్తరణకు పైహద్దు ఉన్నది. అమెరికాలో 1990లో 'ట్విన్ పీక్స్' అను ధారావాహిక గొప్ప పేరు పొందెను. ఆ సంవత్సరమే ఒక ప్రచురణకర్త దానిపై పుస్తకము వెలువరించి, మొదటి ఎనిమిది భాగముల కథను దృశ్యము వెంబడి దృశ్యముగా, మిక్కిలి వివరముగా అచ్చువేసెను. నిర్మాతలు వ్యాజ్యము వేసిరి. న్యూయార్కులోని అప్పీలు న్యాయస్థానము 1993లో తీర్పు చెప్పుచు, వ్యాఖ్యకుగాని విమర్శకుగాని అవసరమైన దానికంటె ఎంతో మించి కథను తిరిగి చెప్పుట గ్రంథస్వామ్యమునకు భంగకరమని నిర్ణయించెను. న్యాయము మాట అటుంచి, ఇందులో సాహిత్యపు నీతియు ఉన్నది. అసలు నాటకమును చూడనవసరము లేకుండ చేయు సంగ్రహము సంగ్రహము కాదు, నకలు.

కొలతను అంకెలలో చెప్పుమని అడుగువారికి ఒక ఆధారము చూపెదము. ఇంటర్నెట్‌లో పలువురు కలసి వ్రాయుచున్న విజ్ఞానసర్వస్వము వికీపీడియా ఆంగ్ల విభాగములో టెలివిజన్ వ్యాసములకు కొన్ని నియమములు ఏర్పరచుకొనిరి. ధారావాహిక భాగముల పట్టికలో ఒక్కొక్క భాగమునకు 100 నుండి 200 మాటలు, ఒకే భాగముపై ప్రత్యేక వ్యాసమైనచో కథకు 400 మాటలకు మించరాదని వారి నియమము. ముగింపును దాచుటయు అక్కడ ఆచారము కాదు. అది మూడవవిధము పాఠకుల కొరకు వ్రాయునది. తెలుగులో విభక్తులు మాటలతో కలసిపోవును గనుక అదే విషయము ఇంకను తక్కువ మాటలలో ఇముడును. ఈ అంకెలు శిలాశాసనములు కావు. ఐనను వ్రాయువానికి చేతిలో కొలబద్ద ఉండుట మంచిది. లేనిచో ఇష్టమైన పాత్రకు పుటలు, ఇష్టము లేని పాత్రకు పంక్తి దొరకును.

ఇంటిలో సరదాగా ఇట్టి సంగ్రహములు వ్రాయదలచు యువతీయువకులకు కొన్ని సూచనలు మనవి చేయుచున్నాము.

వ్రాయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ భాగములో ఎవరు ఏమి కోరిరి? దానికి ఏమి అడ్డు వచ్చినది? భాగము ముగియునప్పటికి ఏమి మారినది? ఏది తేలక మిగిలినది? ఈ నాలుగింటికి సమాధానములు వరుసగా వ్రాసినచో సంగ్రహములో ముప్పాతిక వచ్చినట్లే.

పాత్రను మొదటిసారి పేర్కొన్నప్పుడు పేరుతోపాటు చుట్టరికమునో, వృత్తినో చెప్పవలెను. "లక్ష్మి కోపముతో వెళ్ళిపోయినది" అన్నచో కొత్తవారికి ఏమియు తెలియదు; "పెద్దకోడలు లక్ష్మి" అన్నచో కథలో సగము తెలియును.

జరిగినదానిని చెప్పవలెను గాని తమ అభిప్రాయమును కలుపరాదు. "అన్యాయముగా తరిమివేసెను" అని వ్రాయుటకు ముందు, అన్యాయమని నాటకము చెప్పుచున్నదా, తామే చెప్పుచున్నారా అని ఆలోచింపవలెను. విమర్శ వేరు, సంగ్రహము వేరు. రెంటిని ఒకే పాత్రలో వండినచో రెండును చెడును.

సంభాషణలను యథాతథముగా ఎక్కింపరాదు. ఒక్క మాటపై కథ తిరిగినప్పుడు మాత్రమే ఆ మాటను ఉంచవలెను.

ఇది ఎవరి కొరకు వ్రాయబడినదో మొదటనే తెలుపవలెను. "ఇందులో ముగింపు చెప్పబడినది" అను ఒక్క పంక్తి పైన ఉన్నచో, చూడదలచినవారు కన్ను తిప్పుకొందురు, తెలిసికొనదలచినవారు చదువుదురు. ఇంటిలో అన్నకు, చెల్లెలికి వచ్చు తగవులలో సగము ఈ ఒక్క పంక్తితో తీరును.

చివరగా మన యిండ్లకు సంబంధించిన మాటయొకటి. టెలివిజన్ వారి నష్టమును విని మనము జాలిపడుచున్నాము. రేడియో నాటకముల గతియు అంతకంటె మెరుగు కాదు. తొలి దశాబ్దములలో నాటకములనేకము స్టూడియోనుండి ప్రత్యక్షముగా ప్రసారమై, గాలిలో పుట్టి గాలిలోనే కలసిపోయెను. వానికి మిగిలిన ఆధారము కార్యక్రమ పత్రికలోని ఒక పంక్తి: నాటకము పేరు, రచయిత పేరు, ప్రసార సమయము. ఆ పంక్తి వ్రాసినవారి తప్పు ఇందులో లేదు. వారు మొదటివిధము పాఠకునికి, అనగా ఆ రాత్రి వినబోవు శ్రోతకు వ్రాసిరి. మూడవవిధము పాఠకుడు అప్పటికింకను పుట్టలేదు. నేడు మనము ఆ పంక్తిని చదివి, ఆ నాటకములో ఎవరు ఎవరితో ఏమనిరో తెలిసికొనలేక నిలిచియున్నాము.

ఆ నాటకములను చెవులారా విన్నవారు ఇంకను కొందరు మన కుటుంబములలో ఉన్నారు. తాతగారికో, అమ్మమ్మగారికో జ్ఞాపకమున్న నాటకమొకదానిని గూర్చి పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు వేసి, వారు చెప్పిన సమాధానములను ఒక పుటలో వ్రాసి, విన్న సంవత్సరము, కేంద్రము వారికి గుర్తున్నంతవరకు పైన వేసి భద్రపరచవలసినదిగా కోరుచున్నాము. గుర్తులేని చోటును గుర్తులేదనియే వ్రాయవలెను, కల్పించి పూరింపరాదు. ముగింపును మాత్రము దాచవద్దు. అది చదువబోవువారికి మరల వినుటకు నాటకము ఉండదు.